పావురం రంగా, తడి ఇసుక రంగా

స్వాన్సీ, మార్చి

ప్రియమైన ఎమ్రిస్‌కి,

మే నెలలో నువ్వు విడుదలై వచ్చేలోగా గదికి రంగు వేద్దామని మొదలుపెట్టాను. రెండు రంగుల దగ్గర ఆగిపోయాను. ఒకటి పావురం రంగు, ఇంకోటి తడి ఇసుక రంగు. గోడ మీద రెండూ పక్కపక్కన పూస్తే మన నెరిస్ వచ్చి, "రెండూ బూడిదేగా అమ్మా! నీకు మరీ చాదస్తం" అంది. కాగితం మీద పూసి పంపుతున్నాను. నువ్వే తేల్చు. ఎదురింటి మేవిస్ గారు కర్ర పట్టుకుని నడుస్తున్నారు.

నీ గ్లెనిస్

*

జైలు నుంచి, మార్చి

ప్రియమైన గ్లెనిస్,

నీ ఉత్తరం విప్పిన వార్డరు, "మీ ఆవిడ గోడ గీకి పంపిందేంటయ్యా?" అని నవ్వాడు. నాకు మాత్రం మేవిస్ గారి కర్ర దగ్గరే చూపు ఆగిపోయింది. తాగి కారు నడిపి ఆవిడ కాలు విరగ్గొట్టినవాణ్ణి, ఏ మొహంతో ఆ వీధిలోకి వస్తాను? సిగ్గుతో చచ్చిపోతున్నాను.

అడిగావు గనక చెబుతున్నాను, పావురం రంగే వెయ్యి. మన మంచం మీది నీలం దుప్పటికి నప్పుతుంది. పొద్దుటి ఎండ నువ్వు పడుకునే వైపు పడుతుంది కదా, అప్పుడు ఇంకా బాగుంటుంది.

నీ ఎమ్రిస్

*

స్వాన్సీ, ఏప్రిల్

ఎమ్రిస్,

ఇది రాయడానికి చెయ్యి రాలేదు. నేను రంగు వేస్తున్నది మన గదికి కాదు. వెనక ఇస్త్రీ బల్ల ఉండే చిన్న గదికి. వచ్చాక నువ్వు అక్కడే పడుకోవాలి. నువ్వు పక్కన ఉన్నట్టు ఊహించుకుంటే చాలు, కారు గుద్దినప్పటి మేవిస్ గారి కేక చెవుల్లో వినిపిస్తుంది. వేరే గది అని చెప్పే ధైర్యం లేక రంగు అడిగాను. నిన్నే ఎంచుకోనిస్తే నిన్ను వెలేసినట్టు ఉండదనుకున్నాను. నువ్వేమో దుప్పటి గురించి రాశావు. చదివి తలెత్తుకోలేకపోయాను.

గ్లెనిస్

*

జైలు నుంచి, ఏప్రిల్

ప్రియమైన గ్లెనిస్,

ఆ గదికి ఎండ రాదు. పావురం రంగు అక్కడ మరీ చల్లగా ఉంటుంది. తడి ఇసుక వెయ్యి.

నువ్వు సిగ్గుపడకు. నేనూ ఒకటి దాచాను. నన్ను ఇంట్లోకి రానివ్వవేమోనని, విడుదలైనవాళ్ళుండే హాస్టల్లో మంచం కావాలని ఫిబ్రవరిలోనే అడిగి పెట్టాను. నువ్వు రంగు అడిగాక కూడా ఆ మంచం వద్దని చెప్పలేదు, నమ్మకం కుదరలేదు. ఈ ఉత్తరం చదివాకే వెళ్ళి వద్దని చెప్పాను.

ఆ చిన్న గది చాలు.

ఎమ్రిస్