రాయపోల్‌కు తెలియకూడని గోలీలు

రాయపోల్, జులై 2

చి.ల.సౌ. ఉమారాణికి అత్త స్వరాజ్యలక్ష్మి దీవించి రాయునది.

ఫోన్‌లో మాట్లాడితే నాకన్నా ముందు పక్కింటి పెంటవ్వకు వినపడుతుంది, అందుకే ఉత్తరం. నువ్వు కుట్టుమిషన్ ముందు కూర్చోవడం లేదనీ, వాంతులవుతున్నాయనీ నా కొడుకు కర్ణాకర్ చెప్పాడు. ఇరవై ఎనిమిదేండ్లు అంగన్‌వాడీ టీచరుగా చేసినదాన్ని, నాకు విడమరిచి చెప్పనక్కర్లేదు. బరువులెత్తకు.

ఇట్లు,
సంతోషంలో ఉన్న అత్త

తా.క.: చింతకాయ తొక్కు పంపుతున్నాను. ఉయ్యాల చెక్కమని వడ్లాయనతో మాట్లాడాను.

సిద్దిపేట, జులై 8

అత్తమ్మకు నమస్కరించి ఉమారాణి రాయునది.

మీరనుకున్నది కాదు. రెండు నెలలుగా కత్తెర పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి, ఊరికే ఏడుపొస్తోంది. నెల కింద దవాఖానకు పోతే డిప్రెషన్ అని గోలీలు రాశారు. మొదట్లో వాంతులుంటాయి, గుణం కనపడటానికి నెల పట్టొచ్చు అన్నారు. అట్లాగే అయింది, ఇప్పుడు వణుకు తగ్గింది. నిన్న ఒక పెళ్లి జాకెట్టు పూర్తి చేశాను.

ఇట్లు,
మీ కోడలు

తా.క.: తొక్కు బాగుంది. మీ అబ్బాయే తింటున్నారు.

రాయపోల్, జులై 13

ఉమారాణికి దీవెనలు.

పిచ్చి గోలీలా? అవి అలవాటైతే జన్మలో వదలవు. వెంటనే మానెయ్. ఆ డాక్టరు సంగతి నేను చూస్తాను.

ఇట్లు,
నీ మంచి కోరే అత్త

తా.క.: నీకు కవలలని ఊళ్లో చెప్పుకుంటున్నారు. నేను కాదనలేదు. పిచ్చికన్నా కవలలు నయం.

సిద్దిపేట, జులై 24

అత్తమ్మకు నమస్కారాలు.

మీ మాట విని గోలీలు ఆపేశాను. మూడో రోజుకు తల తిరిగింది, నెత్తిలో కరెంటు కొట్టినట్టయింది. వణుకు మళ్లీ వచ్చింది. ఒక పెళ్లివారు బట్ట వాపసు తీసుకుపోయారు. డాక్టరు కోప్పడలేదు. "ఆపుదాం, గానీ నేను చెప్పినప్పుడు, జరంత జరంత తగ్గించుకుంట" అన్నారు. మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి మీరు చెప్పినా ఆపను.

ఇట్లు,
ఉమారాణి

తా.క.: కవలలను కూడా మెల్లగా తగ్గించండి.

రాయపోల్, ఆగస్టు 3

ఉమారాణికి,

నీకు చెప్పకుండా మొన్న సిద్దిపేట వచ్చాను. అలవాటయ్యే మందులు మా కోడలికెట్లా ఇస్తారని ఆ డాక్టరును నిలదీశాను. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పనన్నారు. మీరేమన్నా వాడుతున్నారా అని మాత్రం అడిగారు. సంచిలోంచి నా నిద్ర గోలీల అట్ట తీసిచ్చాను. మీ మామయ్య పోయినప్పటి నుంచి, ఆరేండ్లుగా, డాక్టరు చీటీ లేకుండానే కొంటున్నాను. అర గోలీతో మొదలై రెండింటి దాకా వచ్చింది.

ఆయన అట్ట తిప్పి చూసి, "అలవాటు చేసే గోలీలు గివ్వేనమ్మా" అన్నారు. నేను కూడా ఒక్కసారిగా మానొద్దట.

అక్కడే ఏడ్చాను. నిద్ర పడుతుందా అని ఈ ఆరేండ్లలో నన్నెవరూ అడగలేదు.

ఇట్లు,
స్వరాజ్యలక్ష్మి

తా.క.: వచ్చే గురువారానికి ఇద్దరి పేర్లూ రాయించాను. ముందు నువ్వు లోపలికి పో. నేను చెప్పుకునేవి నువ్వు వినొద్దు.