మామా వంటింట్లో కారం సీసా

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కువైట్ సల్వాలో నువ్వు పనిచేసిన ఇంట్లోనే, నువ్వు మామా అని పిలిచిన ఆ యజమానురాలి దగ్గరే ఇప్పుడు నేను వంట చేస్తున్నాను. ఈ ఉత్తరం నీకందదు. కానీ ఈ మాట నీకు తప్ప ఇంకెవరికి చెప్పను?

నిన్న మామా పిల్లలతో పాటు నన్నూ చైనా హోటల్‌కు తీసుకెళ్లింది. కోడి వేపుడు తెచ్చారు. పళ్లెం నిండా ఎండు మిరపకాయలే, ముక్కలు వెతుక్కోవాలి. పిల్లలు ఒక్క ముక్కకే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మామా దగ్గుతూ పళ్లెం నా వైపు తోసింది. నేను మజ్జిగ మిరపకాయలు నంజుకున్నట్టు ఆ మిరపకాయలన్నీ అన్నంలో నంజుకుని తినేశాను.

వడ్డించే నేపాలీ అతను కంగారుగా వచ్చాడు. "దీదీ, మిర్చి ఖానే కా నహీ," అన్నాడు. అవి వాసన కోసమేనట, పక్కన పెట్టేయాలట. బాగున్నాయి, ఇంకొన్ని తెమ్మన్నాను. వంటవాడు బయటికొచ్చి ఖాళీ పళ్లెం చూసి, నాకు నమస్కారం పెట్టాడు.

"ఇంత కారం తినడం ఎవరు నేర్పారు?" అంది మామా.

"మా అక్క," అన్నాను.

"సప్పిడి కూడు తిని నాలిక మొద్దుబారిందిమే," అని ఫోన్లో ఎన్నిసార్లు అన్నావో. ఘాటు పడదని మామా ఇంట్లో కారమే ఉండనీయలేదు కదా.

ఈ పొద్దున మామానే వచ్చి, "మీ అక్క పెట్టెలో కారం ఉంటే తీసుకురా, యల్లా, త్వరగా," అంది.

తొమ్మిదేళ్లు నువ్వు పెట్టెలో బట్టల కింద దాచుకున్న సీసా, ఇప్పుడు పొయ్యి పక్కన ఉప్పు డబ్బా ముందు ఉందక్కా.