డాక్టరు గారి కొత్త కారులో నేను పట్టిన సంగతి

హైదరాబాదు, మంగళవారం

నాన్నగారికి నమస్కారాలు. ఫోన్లో మీకు సరిగా వినపడటం లేదని ఈ కార్డు రాస్తున్నాను. నేను బాగున్నాను, ఉద్యోగం కూడా ఉంది.

డాక్టరు గారు దూసుకుపోయే ఖరీదైన కారు కొందామని నన్ను షోరూములన్నీ తిప్పారు. "నడిపేది నువ్వే, ముందు నువ్వు పట్టాలి" అన్నారు. నా ఒళ్లు మీకు తెలిసిందే. ఒకదాంట్లో స్టీరింగు పొట్టకి ఆనింది, ఇంకోదాంట్లో తల పైకప్పుకి తగిలింది. మూడోదాని సీటు విశాలమే కానీ, కారే నేలకి జానెడెత్తులో ఉంది. కాలు పెట్టగానే మోకాలు ఇరుక్కుంది. సన్నటి డ్రైవర్ని వెతుక్కుంటారేమోనని భయపడ్డాను. అప్పుడు నీళ్లలో ఊగే మన దోనె ఎక్కడం గుర్తొచ్చింది. "ముందు కూలబడరా, కాళ్లు తర్వాత లోపలికి తెచ్చుకుందువు గాని" అనేవారు కదా మీరు. అలాగే చేశాను. పడక్కుర్చీలా ఉందండీ! "ఆయ్, ఇదే తీసుకోండి" అన్నాను, కొనేశారు.

అమ్మ కంట్లో చుక్కలు వేస్తున్నారా? ఎండురొయ్యలు పంపొద్దనండి, అవి ఉంటే అన్నం దగ్గర ఆగలేను. సీటు ఇంక వెనక్కి జరగదు.

ఒక్కటి మాత్రం వెంటనే రాయండి. దోనెలోంచి నేనెప్పుడూ నీళ్లలోకి దూకేసేవాణ్ణి. మీరెలా దిగేవారు? నిన్న డాక్టరు గారే ముందు దిగి, నా తలుపు తీసి, చెయ్యి పట్టుకుని లాగారు.

మీ నూకరాజు