కఫీల్ సొరుగు తాళం

బావా,

నీకు చేరదని తెలిసే రాస్తున్నాను. ఈ రోజు నీ కూతురు లక్ష్మి నల్లకోటు తొడుక్కుని వకీలుగా ప్రమాణం చేసింది. కోటు కాస్త వదులైంది. టైలర్ల సంగతి మొదలుపెడితే ఈ కాగితం చాలదు గనుక వదిలేస్తాను.

ఊళ్లో ఆగిపోయిన లా చదువును నువ్వు కువైట్‌లో, జహ్రాలో కారు తోలుతూ చదివావు. గదిలో మేమంతా నిన్ను బారిష్టరనే పిలిచేవాళ్లం. చివరి పరీక్షకు నువ్వు ఊరెళ్లాల్సిన వారమే ఇరాక్ సైన్యం దిగింది. మనకు పనిచ్చిన కఫీళ్లు మన పాస్‌పోర్టులు సొరుగుల్లోనే వదిలి సౌదీకి పారిపోయారు. మేం తాళాలు పగలగొట్టి తీసుకున్నాం.

"నువ్వూ పగలగొట్టు బావా, జోర్డాన్ బస్సు పోతాండాది," అన్నాను.

"దొంగతనం కేసుంటే నాకు నల్లకోటు ఎవడిస్తాడ్రా? కఫీల్ వచ్చినాక అడిగి తీసుకుంటా. మీరు పోండి."

ఆ తర్వాత నీ జాడ తెలియలేదు.

ఈ మాట ఇన్నేళ్లూ దాచి, ఇవాళ లక్ష్మికి చెప్పాను. కోటు గుండీ తిప్పుతూ అంది:

"పాస్‌పోర్టు నాయనదే కదా మామా. ప్రాణం కాపాడుకునేదానికి తాళం పగలగొడితే ఏ జడ్జీ శిక్ష వెయ్యడు."

నువ్వుంటే సెక్షన్లు చెప్పి ఎదురు వాదించేవాడివి. అటువైపు ఎవరూ లేక, నీ కూతురు తన మొదటి వాదన గెలిచింది బావా.