పాండురంగానికి ఇక సున్నుండలు పంపవద్దు

బెజవాడ, 9-7-46

చి. చౌడేశ్వరమ్మకు,

ఇక్కడ ఎవరికీ జబ్బు లేదు, కంగారు పడకు. నీ మీదా నీ కొడుకు మీదా ఒళ్ళు మండి ఈ కార్డు రాస్తున్నాను. వాడు సిగరెట్లు మానాడని మురిసిపోయి నువ్వు వారం వారం బస్సులో సున్నుండల డబ్బా పంపావు. సిగరెట్టు మీదికి మనసు పోయినప్పుడల్లా వాడొకటి నోట్లో వేసుకుని పొట్ట పెంచాడు. నాలుగు రోజుల కిందట బట్టల కొట్లో గుమాస్తా హనుమయ్య, "తమరి లాల్చీకి ఇక తాను గుడ్డంతా పట్టుద్దండీ" అని అందరి ముందూ నవ్వాడట. ఆ సాయంత్రమే వీడు మేడమెట్ల కింద సిగరెట్టు ముట్టించి నాకు దొరికాడు.

"పొట్ట తగ్గేదాకానే నాయనమ్మా, తర్వాత మానేస్తాగా" అని నాకే నచ్చచెప్పాడు!

"మీ నాన్నా రేపు మానేస్తానంటూనే ఆ దగ్గుతో పోయాడురా" అన్నాను. వెంటనే సిగరెట్టు పారేశాడు.

మిగిలిన సున్నుండలు బండివాళ్ళకు పంచేశాను. ఇకమీదట ఎండు ఉసిరి ముక్కలూ వామూ పంపు, నోట్లో పెట్టుకోవడానికి అవి చాలు. తెల్లవారుజామున కృష్ణ దాకా నడిపిస్తున్నాను. చిన్నదానికి జ్వరం తగ్గిందా? మగ్గం గుంటలోకి వాననీరు రాకుండా గట్టు వేయించావా?

ఆదివారం వాడు మైలవరం వస్తాడు. రోజూ తినే అన్నమే పెట్టు. తీపి కోసం జాలిగా నీ మొహంలోకి చూస్తే లేచి దొడ్లోకి పో. ఇక్కడ నేనూ అదే చేస్తున్నాను.

నీకూ చిన్నదానికీ దీవెనలు.

మీ అత్త,
వెంకటరావమ్మ