పసుపు బొట్లకు సంతకాలు

మియాపూర్,
ఆదివారం.

అక్కకు,

నీ చెల్లెలు సుజాత నమస్కారాలు. నేను కులాసాగానే ఉన్నాను. నీ మోకాళ్లు, బావగారి దగ్గు ఎలా ఉన్నాయో రాయి. ఇక్కడ ఎండలు ముదిరాయి, మెట్రోలో మాత్రం శాలువా కావాలి. హాస్టల్లో అందరూ మీ స్వాతి వయసు పిల్లలే. నన్ను ఆంటీ అంటారు. సాంబారు నీళ్లలా ఉన్నా వేళకు తింటున్నాను, బెంగపడకు.

కాలేజీ మూతపడ్డాక, ఎకనామిక్స్ చెప్పిన దానివి మాదాపూర్‌లో ఏం చేస్తున్నావని అడిగావు. ప్రభుత్వ ఆఫీసులు ఊడ్చి తుడవడానికి మనుషులను పెట్టే చిన్న కంపెనీలో టెండరు కాగితాలు తయారుచేస్తున్నాను. మొదటి నెలంతా ఆ భాషే అర్థం కాలేదు. ముందుగా కట్టే ధరావతు ఈఎండీ. అర్హత కాగితాలు ఒక కవరు, ధర ఇంకో కవరు. మొదటిది నెగ్గితేనే రెండోది విప్పుతారు, జాతకాలు కలిశాకే లాంఛనాల మాట ఎత్తినట్టు.

ఈ నెలతో ఒక ఆఫీసు కాంట్రాక్టు అయిపోతోంది. మళ్లీ మాకే రాకపోతే అక్కడ ఊడ్చే లచ్చమ్మకూ, ఆమె తోటి పదకొండు మందికీ పని పోతుంది. అందుకని కాగితాలు ఒకటికి పదిసార్లు చూసి సిద్ధం చేశాను. మా యజమాని యాదగిరి గారు వచ్చి ప్రతి పేజీకీ నాలుగు మూలలా పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టేశారు. దిద్దుబాటుగానీ మరకగానీ ఉంటే పక్కన సంతకం ఉండాలని నిబంధన. నాకు అనుమానం పట్టుకుంది.

"సార్, వీటి పక్కన సంతకాలు పెట్టండి."

"పసుపుకు సంతకమేంది మేడం? దేవుడు నమ్మడా?"

"దేవుడు నమ్ముతాడండి. కమిటీ సంగతే తెలియదు."

"నా పెండ్లిల గూడ ఇన్ని సంతకాలు పెట్టలె" అని గొణుగుతూ పెట్టారు.

ఆ ఆఫీసులో కవర్లు విప్పే రోజు పోటీ కాంట్రాక్టరు లేచాడు. "సార్, వీళ్ల కాగితాల నిండ మరకలే. కొట్టెయ్యాలె."

అధికారి నెమ్మదిగా పేజీలు తిప్పి, "ప్రతి మరకకూ సంతకం ఉందయ్యా" అని, అతని కాగితాలు తీశాడు. మొదటి పేజీలోనే ఇంత కుంకుమ. సంతకం లేదు.

"మరి దీన్నేం చెయ్యమంటవ్?"

"అది మరక కాదు సార్, బొట్టు" అన్నాడతను మెల్లగా.

అధికారి నవ్వాపుకొని ఇద్దరినీ పోటీలో ఉంచాడు. గొళ్లెం వేశామా లేదా అని నాలుగుసార్లు లేస్తున్నానని నన్ను తిట్టేదానివి కదా, ఆ అనుమానానికే ఇక్కడ జీతం ఇస్తున్నారు. ఇది మెచ్చుకోవలసిన సంగతేనా అని మళ్లీ అనుమానం.

రెండో కవరు విప్పాక మేమే ఎల్-వన్ అని తేలింది. అక్కడే వరండాలో తుడుస్తున్న లచ్చమ్మకు చెప్పాను.

"ఎల్-వన్ అంటె ఫస్టా మేడం?"

"అందరికంటే తక్కువ అడిగినవాళ్లని."

"తక్కువ అడిగితె ఫస్టా? మా జీతంల కోస్తరా ఏంది?"

కాగితాలు తీసి మూడుసార్లు చదివాను.

"మీ జీతం సర్కారు పెట్టిన రేటే, దాన్ని ఎవరూ ముట్టుకోలేరు. తగ్గింది సారు కమిషనే."

"అంటె కోత సారుకే?"

"సారుకే."

"గట్లయితె మంచి పని చేసినవ్ మేడం. జర కాళ్లు ఎత్తు, కింద తుడుస్త."

బావగారికి నమస్కారాలు, స్వాతికి ముద్దులు. ఇటు వచ్చేవాళ్లుంటే కందిపొడి పంపు. నీ ఆశీస్సులు కోరే,

చెల్లెలు
సుజాత