సంఖ్యాకాండంలో నేను దాటేసిన అధ్యాయం

తోబా సరస్సు ఒడ్డున లుంబన్ తొంగా గ్రామ కాపురస్తుడు, విశ్రాంత పాస్టరు తుంగుల్ సియాగియాన్ అనే నేను, డెబ్బై ఎనిమిదో ఏట, మోకాళ్లు తప్ప మిగతావన్నీ సరిగ్గా పనిచేస్తుండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసిన వీలునామా ఇది. నాకు మతి తప్పిందని నా తమ్ముడు, సంఘపెద్ద పరుహుం అంటాడు. ముప్పై ఏళ్లుగా అంటున్నాడు కాబట్టి అది కొత్త రుజువుగా చెల్లదు.

1. నా ప్రసంగాల నోటుపుస్తకాలు అరవై ఒకటీ కొత్త పాస్టరు మంగాసికి చెందాలి. తప్పిపోయిన గొర్రె మీద మూడేళ్లు చెప్పాక ఒక ముసలమ్మ "అయ్యగారూ, ఆ గొర్రె ఇంకా దొరకలేదా?" అనడిగింది. అప్పటినుంచి బైబిల్లో వారానికో కొత్త చోటు వెతికాను. దినవృత్తాంతాల్లో వంశావళి చదివితే నిద్రపోతారనుకున్నాను. మావాళ్లు ఇంటిపేర్లు పోల్చుకుంటూ మధ్యాహ్నందాకా కదల్లేదు.

2. నా మాంసం కత్తి గంట కొట్టే హోతాస్‌కు. లేవీయకాండంలో యాజకుడి వాటా గురించి చెబుతూ, విందులో బంధువులకు పంచినట్టే పంది తొడ ఎత్తి చూపించాను. ఆ కాండంలోనే పంది నిషేధమని రెండు వారాలదాకా నాతో సహా ఎవరికీ తట్టలేదు. అప్పటికే తినేశాం.

3. నా భార్య దుమా నేసిన ఉలోస్ శాలువా పరుహుంకే. వాడికి చలి ఎక్కువ. నా కోపం వేరే సంగతి.

4. సరస్సు పక్క పొలం, ఇల్లు నా ఒక్కగానొక్క కూతురు లమ్రియా సర్వహక్కులతో అనుభవించాలి. కొడుకుల్లేనివాడి భూమి తమ్ముడి కొడుకులకు పోవడం మా ఆచారం. సంఖ్యాకాండం ఇరవై ఏడులో ఐదుగురు అక్కచెల్లెళ్లు మోషే ముందు నిలబడి, చనిపోయిన తండ్రి వాటా అడిగారు. వాళ్లదే న్యాయమన్నాడు దేవుడు. నలభై రెండేళ్లలో ఆ అధ్యాయం మీద నేను ఒక్కసారీ మాట్లాడలేదు. పద్నాలుగేళ్ల లమ్రియా "నాన్నా, ఇరవై ఆరు చెప్పావు, ఇరవై ఎనిమిది చెప్పావు, మధ్యది ఏమైంది?" అంటే, "పోయి అన్నం చూడు" అన్నాను. చర్చిలో ముందు బల్ల మీద ప్రతి వారం తమ్ముడుండేవాడు. నాకు భయమేసింది. అమ్మా, నన్ను క్షమించు.

5. పై నాలుగో అంశాన్ని నా శవపేటిక పక్కన నిలబడి మంగాసి గట్టిగా చదవాలి. ఆరోజు వేరే ప్రసంగం అక్కర్లేదు.

సంఘపెద్దలెవరూ సాక్షి సంతకానికి రాలేదు. వచ్చినవారి పేర్లు కింద ఉన్నాయి.

2016 అక్టోబరు 11, మంగళవారం
(సంతకం) తుంగుల్ సియాగియాన్

సాక్షులు:
నూర్మాయా సిరైత్, మంత్రసాని
తియోమ్సి సియాగియాన్, పరుహుం కూతురు